మోగింది, కొట్టుండ్రి సార్

మా వీధికి చెత్తబండి పాట పాడుకుంటూ వస్తుంది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు చెయ్యమని ఆ పాట సారాంశం. సందేశం మీద నాకేమీ ఫిర్యాదు లేదు. రోజూ వేరు చేస్తున్నాను, ఆ రెండూ బండిలోకి వెళ్ళి మళ్ళీ కలుసుకోవడం కూడా రోజూ చూస్తున్నాను. నా ఫిర్యాదల్లా పాట గొంతు మీదే. సరిగ్గా నేను కారెక్కి తాళం తిప్పే వేళకు ఆ బండి మా గేటు ముందు ఆగి రెండో చరణం ఎత్తుకుంటుంది. దాంతో, అసలే సన్నగా వచ్చే నా కారు పెట్రోలు పంపు చప్పుడు నాకు వినబడదు.

పంపు చప్పుడు వినకుండా కారు స్టార్టు చెయ్యడం మీకు పెద్ద విషయం కాకపోవచ్చు. నాకు మాత్రం గడప దాటాక ఇంటికి తాళం వేశామా లేదా అని అనుమానం వచ్చినట్టు ఉంటుంది. ఏమీ కాదని తెలుసు. అయినా ఊరు దాటేదాకా లోపల ఎక్కడో పీకుతూనే ఉంటుంది. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి ఇప్పుడు లేరు. ఆ కబురు మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో, రెండు శుభోదయం గులాబీల మధ్య వచ్చింది. దాని కింద ఎవరో తొందరలో బొటనవేలు పైకెత్తి పెట్టారు. ఆవిడే చూసి ఉంటే, "పోనియ్యిండ్రి సార్, పాపం చూడకుండ నొక్కిండు" అని అతనికి వత్తాసు పలికేవారు. ఆ తరవాత, అతనికి కళ్ళజోడు మార్చాల్సిన వయసు వచ్చిందేమోనని రెండు రోజులు దిగులు పడేవారు.

ఆవిడ మా అడవి స్కూలుకి హెడ్మిస్ట్రెస్. పేరు రాయను. రాస్తే, నా పేరెందుకు సార్, పిల్లల పేర్లు రాయరాదా అని అడుగుతారు. అన్ని పేర్లు రాసే ఓపిక నాకు లేదు. అందరిలాగే నేనూ మేడం అనేవాణ్ణి.

ఈ కథకు నా కారు ముఖ్యం కనుక దాని సంగతి ముందు చెప్పాలి. దాన్ని ఖమ్మంలో సెకండ్ హ్యాండులో కొన్నాను. డాక్టరుగారు నడిపిన బండి సార్, ఇల్లు, దవాఖానా తప్ప వేరే తిరగలేదు అన్నాడు అమ్మినాయన. ఖమ్మంలో అమ్మకానికొచ్చే పాత కార్లన్నీ డాక్టర్లే నడిపారు. అంతమంది డాక్టర్లు అంత తక్కువ తిరిగితే ఈ జిల్లాలో జనం ఎలా బతికి బట్టకట్టారో మాత్రం ఎవరూ చెప్పరు.

కొత్తగూడెం నుంచి మా స్కూలుకి ఆ కారులో ముగ్గురం వెళ్ళేవాళ్ళం. నేను నడిపేవాణ్ణి. లెక్కల సారు కాళ్ళు పొడుగు కాబట్టి ఆయన ముందు సీటు. మేడం వెనక సీటు. ఆవిడ పక్కన రెండు గొడుగులు, ఒక సంచి, ఒక టిఫిన్ క్యారియరు ఉండేవి. ఆవిడ ఏ వస్తువైనా రెండు తెచ్చేవారు. రెండు పెన్నులు, రెండు రుమాళ్ళు, రెండు టార్చిలైట్లు. ఒకటి పనిచెయ్యకపోతే అని ఒకటి, రెండోది కూడా పనిచెయ్యకపోతే ఎట్లా అన్న దిగులు ఒకటి.

కారు మొదటిసారి మొండికేసిన రోజున మెకానిక్ ఒక మాట చెప్పాడు. తాళం ఒక మెట్టు తిప్పి ఆగితే పెట్రోలు పంపు గుంయ్‌మని కాసేపు మోగి ఊరుకుంటుందట. అది మోగాకే స్టార్టు కొట్టాలి. మోగకపోతే ఎంత కొట్టినా బ్యాటరీ దండగ తప్ప ఇంజనుకి చుక్క అందదు. పంపు మీదో, దానికి పోయే కరెంటు మీదో అనుమానంగా ఉంది, ఒక పూట బండి వదిలిపొండి, విప్పి చూస్తా అన్నాడు. పరీక్షలయ్యాక చూద్దాం అన్నాను. ఉపాధ్యాయుల జీవితంలో పెళ్ళిళ్ళు, ఆపరేషన్లు, ఇంటి రిపేర్లు అన్నీ ఆ మాట దగ్గరే క్యూ కట్టి ఉంటాయి. కారు కూడా వెళ్ళి చివర నిలబడింది.

ఆ రోజు నుంచి మేడం పంపు వినే బాధ్యత మీద వేసుకున్నారు. నేను తాళం ఒక మెట్టు తిప్పబోతుండగా ఆవిడ కుడి అరచెయ్యి లేచేది. ఆశీర్వదించడానికి ఎక్కువ, ఆపడానికి తక్కువ అన్నంత ఎత్తులో అది నిలబడేది. కళ్ళు మూసుకునేవారు. లెక్కల సారు నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. ఒకసారి ఆయన ఫోనులో మండల విద్యాధికారితో మాట్లాడుతూ ఆ చెయ్యి చూసి టక్కున కట్ చేశారు. సాయంత్రం పూట కారు చుట్టూ మూగిన హాస్టలు పిల్లలు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. వెనక నుంచి తీర్పు వచ్చేది.

"మోగింది. కొట్టుండ్రి సార్."

ఒక్కోసారి, "మోగలే" అనేవారు. ఆ మాటలో, నోటీసు బోర్డులో మన నంబరు లేదని మనకంటే ముందు చూసినవాళ్ళు చెప్పే జాలి ఉండేది. రెండుమూడు సార్లు తిప్పితే మోగేది. నాకూ, లెక్కల సారుకీ ముందు సీట్లలో ఏమీ సరిగ్గా వినబడేది కాదు. ఆవిడకు మాత్రం ప్రతిసారీ వినబడేది. ఆ శక్తి ఏమిటో నాకు తెలుసు. ఆ పంపు సరిగ్గా ఆవిడ కూర్చునే సీటు కిందే ఉంది. ఈ మాట నేను ఆవిడకు చెప్పలేదు. ఒక మనిషికి తన చెవి మీద గౌరవం పెరుగుతుంటే మనకొచ్చిన నష్టమేముంది?

పిల్లల్ని లెక్కపెట్టడం ఆవిడకు రెండో అలవాటు. తరగతిలో, భోజనాల దగ్గర, వాగు దాటేముందు ఒకసారి, దాటాక ఒకసారి. పిల్లలు విసిగి, ఆవిడ కనబడితే చాలు వాళ్ళంతట వాళ్ళే నంబర్లు చెప్పుకునేవాళ్ళు. ఎప్పుడో చదువు ముగించి వెళ్ళిపోయిన మీసాల కుర్రాడొకడు భద్రాచలం బస్టాండులో దూరం నుంచి ఆవిడను చూసి, నమస్తే పెట్టబోయి, అలవాటుకొద్దీ "పదిహేడు!" అని అరిచాడట. ఆవిడ ఆనందించకుండా, "పదారు ఏడీ?" అని అడిగారట.

టిఫిన్ క్యారియరు గురించి కూడా చెప్పాలి. ఆవిడది బోనకల్ దగ్గర తండా. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, పచ్చిపులుసు. తెచ్చుకోనివాడు ఒకడుంటాడని ఇంకొకరికి సరిపడా. ఆ ఒకడు సాధారణంగా నేనే. మా దారిలో గుంతలకు లోటు లేదు కనుక పులుసు గిన్నె అప్పుడప్పుడు ఒలికేది. ఆవిడ చప్పుడు కాకుండా తుడిచి, సీటు మీద తువ్వాలు పరిచేవారు. కారులో ఎప్పుడూ ఉండే ఆ పుల్లటి వాసన అడవిదనుకుని నేను అద్దం దించి హాయిగా పీల్చేవాణ్ణి.

ఇక పదో తరగతి లెక్కల పరీక్ష రోజు.

ప్రశ్నపత్రాలు పోలీసు స్టేషనులో ఉంటాయి. పొద్దున్నే వెళ్ళి, సీళ్ళు చూసుకుని, సంతకం పెట్టి, ఒక కానిస్టేబులును తోడు తీసుకుని సెంటరుకి తేవాలి. మా స్కూలే సెంటరు. మేడం చీఫ్ సూపరింటెండెంటు, నేను ఆవిడకు సాయం. లెక్కల పరీక్ష నాడు లెక్కల సారును ఆ దరిదాపులకు రానివ్వరు కనుక ముందు సీటు కానిస్టేబులుకి దక్కింది. స్టేషను జీపు ఇంకేదో బందోబస్తుకి పోయింది. అలా ఆ పూట ఆ అడవిలో ఉన్న హాస్టలు పిల్లలందరి పదో తరగతి నా కారు మీద ఆధారపడింది. ఈ మాట నేను అప్పుడు అనుకోలేదు. అనుకుని ఉంటే బస్సు కోసం చూసేవాణ్ణి. ఆ దారిలో ఆ వేళకు బస్సు లేదు, అది వేరే సంగతి.

మేడం కట్టను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టారు. సీళ్ళు స్టేషనులో రెండుసార్లు చూశారు, కారులో ఒకసారి. పంపు మోగింది, కొట్టాను, బయలుదేరాం. సగం దారిలో, ఇప్పచెట్ల దగ్గర ఒక గుంతలో దిగి లేచేసరికి ఇంజను నోరు మూసుకుంది. కారు కొంతదూరం మర్యాదగా దొర్లి, రోడ్డు పక్కన ఆగింది.

"ఏమైంది సార్?" అన్నాడు కానిస్టేబులు.

"ఆగింది."

"ఎందుకాగింది?"

"నేనూ అదే అనుకుంటున్నా."

వెనక చెయ్యి లేచింది. తాళం ఒక మెట్టు తిప్పాను. బానెట్టు మీద ఇప్పపువ్వు రాలి పడిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

"మోగలే," అన్నారు మేడం. "మల్ల తిప్పుండ్రి... మోగలే. మల్ల."

ఎన్నిసార్లు తిప్పినా అదే తీర్పు. ఫోన్లు తీశాం. అక్కడ ఏ కంపెనీ సిగ్నలూ రాదని ముగ్గురికీ తెలుసు. అయినా తలా ఒకవైపు తిరిగి చేతులెత్తి చూశాం.

"పెట్రోలున్నదా సార్?"

"సగం పైనే ఉంది."

"ముల్లు ఇరుక్కున్నదేమో. మా బావ బండిల గట్లనే సగం చూపెట్టి, సగం దారిల నిలబెట్టింది." కానిస్టేబులు దిగి, మూత తీసి, చెవి పెట్టి, కారును ఊపాడు. లోపల పెట్రోలు కదిలింది. "ఉన్నది," అన్నాడు కొంచెం నిరాశగా.

ఫ్యూజు చూశాను. బాగానే ఉంది. పంపుకి కరెంటు పంపే రిలే పాడైతే, హారనుకుండే రిలే కూడా అలాంటిదే కాబట్టి దాన్ని తీసి దీని చోట పెట్టి చూడొచ్చని ఎక్కడో వీడియోలో చూశాను. పెట్టాను. ఉపయోగం లేదు. అంతకుముందు మా దగ్గర కదలని కారు, దానికొక హారను ఉండేవి. ఇప్పుడు కదలని కారు మాత్రం మిగిలింది.

"కింద నాలుగు దెబ్బలు పడితే పంపు కదుల్తదంట సార్," అని కానిస్టేబులు కారు కిందికి దూరి, లాఠీతో ట్యాంకును విచారించాడు. అది ఒప్పుకోలేదు.

"దొబ్బుదామా?"

పంపు చచ్చిన బండిని భద్రాచలం దాకా దొబ్బినా స్టార్టు కాదని నాకు తెలుసు. కానీ ఊరికే నిలబడలేక దొబ్బాం. మేడం దిగలేదు. "నేను దిగితే పేపర్లు దిగాలె సార్. రోడ్డు మీద పేపర్లు దిగొద్దు," అన్నారు. ప్రభుత్వ రహస్యాలతో సహా ఆవిడను కొంతదూరం తోసి, ఇద్దరం వగర్చుకుంటూ ఆగాం. దూరంగా ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్ళు తలెత్తి చూసి, కోయభాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. మేడంకి ఆ భాష వచ్చు. ఏమన్నారని అడిగాను.

"ఏమో అన్నరు సార్, మన పని చూస్కోండి," అన్నారు.

నేను కిటికీలోంచి లోపలికి చూశాను. ఆవిడ దారికేసి కాకుండా తన వాచీకేసి చూస్తున్నారు. తరవాత రెండో వాచీకేసి. ఆ రోజు రెండు వాచీలు పెట్టుకొచ్చారు. రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

"సార్, అసలు ఆ పంపు ఏడ ఉంటది?"

ఇక దాచి లాభం లేదు. "మీ కింద మేడం."

"నా కిందనా?"

"సీటు కింద. సరిగ్గా మీరు కూచున్న చోట."

"నేను ఇన్ని రోజులు నా చెవి మంచిదనుకున్న," అన్నారు.

అప్పుడు దిగారు. కట్టను గుండెలకు హత్తుకుని రోడ్డు మీద నిలబడి, కానిస్టేబులును తన ముందు అడ్డంగా నిలబెట్టుకున్నారు, టేకుచెట్లు తొంగి చూసి లెక్కలు కాపీ కొడతాయన్నట్టు. నేను సీటు పైకి లాగాను. కింద చిన్న రేకు మూత. దాని చుట్టూ గోధుమరంగు మరక, అట్టకట్టిన ఆవాలు. మూత తీస్తే పంపుకి పోయే వైర్ల ప్లగ్గు ఉంది. దాని ముళ్ళన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

కానిస్టేబులు మెడ చాపాడు. "ఏంది సార్ గిది? కరేపాకు ఉన్నది."

నేను ఆ ఆకు తీసి అవతల పారేశాను.

"బండికి పోపు పెట్టిన్రా సార్?"

మేడం ముఖం చూడలేక నేను ప్లగ్గునే చూస్తున్నాను. వెనక నుంచి ఆవిడ గొంతు వచ్చింది, నెమ్మదిగా, ఒక లెక్క తప్పు వచ్చిందని నమ్మలేనట్టు.

"చింతపండు పెడితే రాగిచెంబు తళతళ మెరుస్తది కద సార్. గిది పచ్చగెట్ల అయింది?"

"కడిగితే మెరుస్తది మేడం. కడగకుంటే గిట్లయితది," అన్నాడు కానిస్టేబులు. వాళ్ళమ్మ ఇంట్లో గిన్నెలు తోముతుండగా చూసిన అనుభవం కాబోలు.

ఆవిడ జడలోంచి పిన్ను తీసి ఇచ్చారు. ఇంకోటి కూడా తీసి ఇచ్చారు. నేను చిలుము గీకాను. రెండో రుమాలుతో తుడిచాను. ప్లగ్గు గట్టిగా నొక్కి, వెళ్ళి తాళం ఒక మెట్టు తిప్పాను. ఆవిడ చేతులు ఖాళీ లేవు. అందుకని గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నారు. సీటు తీసేసి ఉంది కదా, ఆ రోజు ఆ చప్పుడు నాకు కూడా వినబడింది. అయినా కొట్టలేదు. ఆవిడ చెప్పేదాకా ఆగాను.

"మోగింది. కొట్టుండ్రి సార్."

మిగతా దారిలో హారను లేకుండా, గుంతల దగ్గర ముగ్గురం ఊపిరి బిగబట్టి వెళ్ళాం. ఒక్కో గుంత దాటినప్పుడల్లా కానిస్టేబులు "అవ్, దాటినం" అని నాకు ధైర్యం చెప్పాడు. మేడం మాట్లాడింది ఒక్కసారే.

"భయపడుతుంటరు సార్."

"ఎవరు?"

"పిల్లలు. నెల నుంచి ఆ లెక్కలే కలవరిస్తున్నరు. ఆలస్యం మనది, టైం వాళ్ళది. వాళ్ళ టైంల మనం ఎట్ల కోస్తం?"

మేం చేరేసరికి పరీక్ష మొదలవాల్సిన వేళ దాటిపోయింది. పిల్లలు గదుల్లో ఖాళీ బల్లల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ముందు వరుసలో హాస్టలు పిల్ల ఒకతి పెన్ను మూత తీసి పట్టుకుని తలుపుకేసే చూస్తోంది. మా కారు చూసి గంట కొట్టబోతున్న అటెండరును మేడం దూరం నుంచే కేకేసి ఆపారు. పేపరు ఆఖరి పిల్లవాడి చేతికి అందాకే గంట కొట్టించారు. ఎంత ఆలస్యంగా మొదలైందో అంత ఆలస్యంగా ముగుస్తుందని ప్రతి గదికీ వెళ్ళి చెప్పారు. రూలు ప్రకారం అలా చెయ్యడానికి ఆవిడకు అధికారం లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకు ఇంకా బాగా తెలుసు. జూన్‌లో రిటైర్మెంటు పెట్టుకుని ఎవరూ చెయ్యని పని అది.

సరిగ్గా రూలు ప్రకారం పరీక్ష ముగియాల్సిన వేళకు, పరీక్షల తనిఖీకి తిరిగే స్క్వాడు జీపు వచ్చింది. అధికారి వరండాలోకి వచ్చి, ఇంకా రాస్తున్న పిల్లల్ని చూసి, వాచీ చూసుకున్నాడు.

"ఏంది మేడం ఇది? పేపర్లు గుంజుండ్రి."

"ఆలస్యంగ మొదలుపెట్టినం సార్. బండి ఆగింది. రాసిస్త."

"రాసిస్తే అయిపోతదా? సస్పెన్షన్ దాక పోతది, తెలుసా?"

ఆవిడ కుడి అరచెయ్యి లేచింది. పిల్లలు రాస్తున్నారు, చప్పుడు చెయ్యొద్దు అన్నట్టు. ఆ అధికారిని ఉద్యోగంలో చేరాక ఎవరూ అలా ఆపి ఉండరు. ఆశ్చర్యంతో ఆగిపోయాడు. తరవాత నాకేసి చూశాడు. నేను అటెండరు పక్కన వేలాడుతున్న గంటకేసి చూశాను. అంత శ్రద్ధగా నేను ఏ గంటనూ చూడలేదు.

తరవాత మెమో వచ్చింది. బండి చెడిపోయింది అని రాస్తే సరిపోయే సంజాయిషీలో ఆవిడ, "నా టిఫిన్ క్యారియరు ఒలికి" అని మొదలుపెట్టారు. అంత వద్దు మేడం అన్నాను. జరిగింది గదే కద సార్ అన్నారు. ఆఫీసులో ఎవరికీ ఆ వాక్యం మీద ఏం చర్య తీసుకోవాలో తెలియలేదు. అది బల్ల నుంచి బల్లకు తిరిగి తిరిగి, ఆవిడ రిటైరయ్యే వేళకు నీరసించి పడుకుంది. కానీ ఆ మధ్యాహ్నం వరండాలో ఇదంతా మాకు తెలియదు. ఉద్యోగం పోయిందనే ఇద్దరం అనుకున్నాం. నాదని నేను, తనదని ఆవిడ.

అధికారి కుర్చీ తెప్పించుకుని కూర్చుని ఏదో రాసుకోసాగాడు. మేడం ఆయన్ను మరిచిపోయి గదిలోకి వెళ్ళారు. చాలామంది రాసి కూర్చున్నారు. ముందు వరుస పిల్ల ఇంకా రాస్తోంది. మేడం వెళ్ళి ఆ పిల్ల బల్ల పక్కన నిలబడ్డారు. కింద పడ్డ స్కేలు తీసి పెట్టారు. కిటికీలోంచి ఎండ పడుతోందని అడ్డంగా జరిగారు. తన రెండో పెన్ను బల్ల అంచున పెట్టారు. పిల్ల చెయ్యి ఆగితే ఈవిడ ఊపిరి ఆగింది, చెయ్యి కదిలితే ఈవిడ పెదాలు కదిలాయి. రెండు వాచీలూ మార్చి మార్చి చూసుకున్నారు. చివరికి గంట కొట్టారు. పిల్ల అదనపు కాగితాలన్నీ సర్ది, దారం ముడి వేసి, పేపరు అందించింది. మేడం దాన్ని రెండు చేతులా అందుకుని, వంగి, ఎంతో నెమ్మదిగా అడిగారు.

"టైం సరిపోయిందా బిడ్డా? అన్ని చేసినవా?"

ఆ పిల్ల పెన్నుకి మూత పెట్టుకుంటూ అంది:

"మీరు గట్ల నెత్తి మీద నిలబడితె ఎట్ల చేస్తం మేడం?"